శ్రీశైలం పేరులో నాలుగు నిట్టూర్పులు

చిక్కడపల్లిలో ఒక జిరాక్స్ సెంటరుకూ ఒక కోచింగ్ సెంటరు మెట్లకూ మధ్య ఇరుక్కుని ఉండే రాజేశం దుకాణానికి బోర్డు లేదు. నలభై ఏళ్లుగా నారాయణగూడ నుంచి అంబర్‌పేట్ దాకా ఊరందరి పేర్లూ రాసిన మనిషి సొంత దుకాణానికి పేరు పెట్టుకోకపోవడం వినయమని కొందరన్నారు, బద్ధకమని కొందరన్నారు, వాస్తు అయి ఉంటుందని జిరాక్స్ వాళ్లు తేల్చేశారు. అసలు సంగతి వేరు. రెండేళ్ల కిందట వెలిసిపోయిన పాత బోర్డును దించి, కొత్త రేకుకు తెల్ల రంగు పూసి, సుద్ద దారంతో గీతలు కొట్టి, రాజేశం కుంచె పట్టుకున్నాడు. 'రా' అన్న మొదటి అక్షరంలో దీర్ఘం దగ్గరికి వచ్చేసరికి కుంచె వణికింది. తుడిచి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ వణికింది. రేకును గోడవైపు తిప్పి పెట్టాడు. అది ఇవాళ్టికీ అలాగే ఉంది.

ఆ చెయ్యి అన్నం ముద్దకు వణకదు. తాళం తీయడానికి వణకదు. కుంచె వేళ్ల మధ్యకు వస్తే మాత్రం, పరీక్ష హాల్లోకి మొదటిసారి అడుగుపెట్టిన అభ్యర్థిలా అయిపోతుంది. నారాయణగూడలో ఒక డాక్టరు పరీక్షలన్నీ చేయించి, చివరకు "ఏం పని చేస్తరు?" అని అడిగాడు.

"రాస్త సార్."

"అయితే రాయకండి."

వైద్యశాస్త్రం అక్కడితో ఆగింది. సంగతి రాజేశం భార్య రేణుకకు తప్ప మరెవరికీ తెలియదు. ఎవరికి తెలిసినా ఫరవాలేదు గానీ, శ్రీశైలానికి మాత్రం తెలియకూడదని రాజేశం పట్టుదల.

శ్రీశైలం ఆయనకు అక్షరాలు నేర్పిన ఉస్తాద్. ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు, అడిక్‌మెట్‌లో ఒక గదిలో ఉంటాడు. జగిత్యాల అవతలి పల్లె నుంచి పదిహేడేళ్ల వయసులో వచ్చి కాళ్లకు దండం పెట్టిన రాజేశం చేత ఆయన మూడు నెలల పాటు క్రారవడి, అంటే అక్షరాన్ని చుట్టే ర వత్తు, ఒక్కటే రాయించాడు. ఏ అక్షరానికీ చెందని వట్టి క్రారవడులు, గోడల నిండా. నాలుగో నెలలో దాని పక్కన అక్షరాన్ని అనుమతించాడు. "రెండు అక్షరాల నడుమ జాగ ఉంచురా. అక్షరం ఊపిరి తీస్కోవాలె. లేకుంటే గోడ మీదనే సచ్చిపోతది," అనేవాడు. ఆయన చెప్పిన అలంకారశాస్త్రం మొత్తం అంతే.

తాను రాసిన ప్రతి బోర్డు కిందా, కుడి మూలన, గోరంత సైజులో 'శ్రీ' అని సంతకం చేసేవాడు శ్రీశైలం. ఆ 'శ్రీ'ని చూసినవాళ్లంతా శుభసూచకంగా రాసింది అనుకున్నారు. కొందరు ఓనర్లు దానికి పసుపు బొట్టు పెట్టించారు కూడా. ఆ విధంగా టిఫిన్ సెంటర్ల, టైలర్ల, పళ్ల డాక్టర్ల పేర్లు గజమెత్తున వెలిగాయి గానీ, శ్రీశైలం పేరు పూర్తిగా, పెద్దక్షరాల్లో ఎక్కడా పడలేదు. ఆయన అడగనూ లేదు. ఒక్కసారి మాత్రం, ఒక నిచ్చెన దిగుతూ, "అందరియి రాస్తం. మనది ఎవలు రాస్తరురా?" అన్నాడు. నిచ్చెన పట్టుకుని కింద నిలబడ్డ రాజేశం అప్పుడే మనసులో ఆ కాంట్రాక్టు తీసుకున్నాడు.

తరవాత ఫ్లెక్సీలు వచ్చాయి. కుంచెలు అటకెక్కాయి. చేతికి వణుకు వచ్చాక రాజేశం ఒక చెక్కే మిషన్ కొన్నాడు. అది చైనాది. ఇత్తడి రేకు మీద, అద్దం మీద, చెక్క మీద ఏ బొమ్మ ఇస్తే ఆ బొమ్మను కాంతితో కాల్చి చెక్కేస్తుంది. దానికి చైనీసు బాగా వచ్చు, ఇంగ్లీషు అంతంత మాత్రం, తెలుగు బొత్తిగా రాదు. అందుకని రాజేశం తెలుగు పేర్లను ముందు కంప్యూటర్లో బొమ్మలుగా మార్చి ఇచ్చేవాడు. అవి అక్షరాలని తెలియక మిషన్ వాటిని తీగలో పువ్వులో అనుకుని చెక్కేది. ఈ మోసం మీద దుకాణం రెండేళ్లు ప్రశాంతంగా నడిచింది. బాగ్ లింగంపల్లి, చిక్కడపల్లి సభలకు వారానికి నాలుగైదు జ్ఞాపికలు ఇక్కడినుంచే వెళ్లేవి.

ఉస్తాద్‌కు మాత్రం, "మిషన్ ఉత్త ఇత్తడి కోయనీకె. అక్షరాలు నేనే రాస్త," అని చెప్పాడు.

అలాంటి రోజుల్లో నగర అక్షర కళా సమితి అనే సంస్థ మేలుకొంది. దాని కార్యదర్శి ప్రేమ్‌సాగర్, రిటైరైన బ్యాంకు మేనేజరు, అంతరించిపోతున్న వాటినన్నిటినీ సన్మానిస్తూ ఉంటాడు. ఈసారి చేతిరాత బోర్డుల వంతు. బతికున్నవాళ్లలో అందరికన్నా పెద్ద శ్రీశైలమే గనక, ఆదివారం సాయంత్రం అయిదింటికి బాగ్ లింగంపల్లిలో సన్మానం అన్నారు. జ్ఞాపిక రాజేశానికి అప్పజెప్పారు.

"ఎక్కువ మ్యాటర్ వద్దు రాజేశం గారు. పేరొక్కటే, పెద్దక్షరాలల్ల," అన్నాడు ప్రేమ్‌సాగర్.

పేరొక్కటే, పెద్దక్షరాల్లో. మర్నాడు ఉస్తాద్ స్వయంగా ఫోన్ చేశాడు.

"నా పేరు నువ్వే రాస్తున్నవటగ?"

"నేనే ఉస్తాద్."

"చేత్తోనే గద?"

"చేత్తోనే," అన్నాడు రాజేశం. ఫోన్ ఎడమ చేతిలో ఉంది. కుడి చెయ్యి ఆ సంభాషణలో పాల్గొనలేదు.

ఆదివారం పొద్దున, దాచి ఉంచుకున్న మంచి ఇత్తడి రేకు ఒకటి తీశాడు. అదే ఆఖరిది. బేగంబజార్‌లో రేకులమ్మే దుకాణం ఆదివారం తెరవరు. కంప్యూటర్ పెట్టాడు. తెలుగును బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్, తన గడువు ముగిసిందనీ, ఇన్నాళ్ల సహకారానికి ధన్యవాదాలనీ చెప్పి మూసుకుపోయింది. నాలుగుసార్లు తెరిచాడు. నాలుగుసార్లూ ధన్యవాదాలు చెప్పింది. అమ్మినవాడి ఫోన్ స్విచాఫ్.

అప్పుడు రాజేశం జీవితంలో మొదటిసారి మిషన్‌కు నిజం చెప్పాడు. ప్రేమ్‌సాగర్ వాట్సాప్‌లో పంపిన పేరును ఉన్నదున్నట్టు ఒక ఫైలుగా చేసి దాని ముందు పెట్టాడు. తెర మీద వరుసగా పన్నెండు చైనా అక్షరాలు కనిపించాయి. రాజేశం కంగారుపడలేదు. ఆ తెర మీద ఎప్పుడూ చైనా అక్షరాలే ఉంటాయి. 'దాని భాషల అది సదువుకుంటున్నది. చెక్కేటప్పుడు తెలుగుల చెక్కుతది,' అనుకుని బటన్ నొక్కాడు.

మిషన్ దాని భాషలోనే చెక్కింది. లోతుగా, నున్నగా, ఒక్క గీత తప్పిపోకుండా.

రాజేశం రేకును వెనక్కి తిప్పి, ఫైలు మళ్లీ కొత్తగా చేసి, దేవుడికి ఒకసారి దండం పెట్టి, రెండోవైపు చెక్కించాడు. మిషన్ మాట మీద నిలబడింది.

ఆ సమయంలో పై అంతస్తులోంచి ఉదయ్ కుమార్ టీ కోసం దిగాడు. కోచింగ్ సెంటర్లో కరెంట్ అఫైర్స్ చెబుతాడు. గ్రూప్ వన్ నాలుగుసార్లు రాసి, వయసు దాటిపోయాక, అశోక్ నగర్ హాస్టళ్ల పిల్లల చేత రాయిస్తున్నాడు. ప్రపంచంలో ఆయనకు తెలియని విషయాలు రెండు రకాలు: పరీక్షలో రానివి, ఇంకా రానివి.

"ఏందన్న, మొఖం గట్ల పెట్టినవ్?"

రాజేశం రేకు చూపించాడు. "జర సూడు సార్. ఇదేం రాసింది? తిట్టిందా?"

ఉదయ్ కుమార్ ఫోన్ కెమెరా పెట్టి, అయిదు నిమిషాలు అటూ ఇటూ తిప్పి, కోచింగ్ గొంతు తెచ్చుకున్నాడు.

"అన్న, మొదటి అక్షరం చూడు. 喟. దీని అర్థం ఏ, సంపద. బి, పర్వతం. సి, నిట్టూర్పు. డి, పైవేవీ కావు."

"సార్, అయిదింటికి సభ ఉన్నది."

"సి," అన్నాడు ఉదయ్ కుమార్, కాస్త నొచ్చుకుంటూ. "నిట్టూర్పు. ఖ్వెయ్ అనాలె. మామూలుగ నిట్టూర్చనీకె వాళ్లకు వేరే అక్షరం ఉన్నదట. ఇది పాతది, గ్రాంథికం. మన బండి ఱ లెక్క. ఎడమ పక్క చిన్న డబ్బ ఉన్నది చూడు, అది నోరు. కుడి పక్కది కడుపు. పైన గళ్లు గళ్లున్నది కడుపు సంచి, పాతకాలంల దాన్ల గింజలు కూడ గీసెటోళ్లట. కింద ఉన్నది మాంసం."

"నోరు, కడుపు," అన్నాడు రాజేశం. "అంటే కడుపుల నుంచి నోట్లెకు వచ్చేదా?"

"పండితులు గట్ల ఒప్పుకోరు. నోరు అర్థానికట, కడుపు ఉత్త ఉచ్చారణకట."

రాజేశం రేకు వైపు చూశాడు. పండితులకు ఆదివారం పూట ఇలాంటి పని పడి ఉండదని తోచింది.

"రెండోది 多. బహు, అనేకం. మొదటిదీ రెండోదీ కలిపితే బహు నిట్టూర్పు."

"కాని సార్, అది శ్రీ గద! శ్రీ అంటే లక్ష్మి."

"మన దగ్గర అన్న. బార్డర్ దాటినంక గిది."

ఫోన్‌లో ఇంకాస్త చదివి ఉదయ్ కుమార్ కారణం కూడా కనుక్కున్నాడు. కంప్యూటర్ లోపల తెలుగు హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు ఒక్కోటీ మూడేసి అంకెలుగా ఉంటాయి. చైనా మిషన్ అంకెలను రెండేసి చొప్పున కలుపుకుని చదువుతుంది. మన హల్లులన్నిటికీ మొదటి రెండు అంకెలూ ఒకటే, ఇంటిపేరు లాగ. ఆ ఇంటిపేరును చైనాలో నిట్టూర్పు అని చదువుతారు. కనక శ్రీశైలం అయినా, సంబరం అయినా, కల్యాణం అయినా, మొదట ఒక నిట్టూర్పు విడవందే లోపలికి పోనివ్వదు. శ్రీశైలం పేరులో అవి నాలుగు పడ్డాయి, ప్రతి మూడో చోటా ఒకటి. మిగిలినవాటిలో ఒకటి తరగతి అట, ఒకటి పక్క అట. మరికొన్ని చైనాలో కూడా ఎవరికీ తెలియవట. తరగతి అన్న మాట దొరికినందుకు ఉదయ్ కుమార్ సంతోషించాడు.

"అయినా నీకెందుకన్న పరేషాన్? నీకు చెయ్యి ఉన్నది. ఇంకో రేకు మీద బ్రష్‌తోని రాయి, పది నిమిషాల పని."

"రేకు లేదు సార్."

"చెక్క మీద రాయి."

"పెయింట్ ఆరది."

"ఫ్యాన్ కింద పెట్టు."

"ఫ్యాన్ కింద దుమ్ము పడుతది," అన్నాడు రాజేశం. ఒక మనిషి తన చేతిని దాచడానికి అన్ని కారణాలు వాడుకోవలసి వస్తుందని ఆయనకు అంతవరకూ తెలియదు. ఉదయ్ కుమార్ వింతగా చూసి, టీకి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక రాజేశం షట్టర్ సగం దించి, పాత డబ్బాలోంచి ఉడత వెంట్రుకల కుంచె తీశాడు. చెయ్యి ఆనించే కర్ర తీశాడు. ఒక అట్టముక్క మీద 'శ' మొదలుపెట్టాడు. పావుగంట తరవాత అట్టముక్కను నాలుగుగా చింపి, కుంచె కడిగి, షట్టర్ ఎత్తాడు. ఇత్తడి రేకును చెక్క పలకకు బిగించడం మొదలుపెట్టాడు. ఏ వైపు బాగుందో చూడవలసిన పని లేదు.

మూడింటికి ప్రేమ్‌సాగర్ ఫోన్ చేశాడు. "స్పెల్లింగ్ మిస్టేకులు లేవు గద?"

"ఒక్కటి లేదు సార్," అన్నాడు రాజేశం. తెలుగు ఒక్కటీ లేని చోట అది నిజమే.

సభలో దాదాపు ముప్పై మంది ఉన్నారు. వారిలో పది మంది తరవాతి సన్మానానికి చెందినవారు. జ్ఞాపిక మీది గుడ్డ తొలగించి ప్రేమ్‌సాగర్ ఒక్క క్షణం ఆగాడు. మూడో వరుసలో ఉన్న రాజేశం వైపు చూశాడు. రాజేశం సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాడు. మైకు ముందు ఆరితేరిన మనిషి ప్రేమ్‌సాగర్.

"శ్రీశైలం గారి కీర్తి," అన్నాడు గొంతు సవరించుకుని, "నేడు ఎల్లలు దాటి, చైనా లిపిలో సైతం…"

చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఫోటోలు తీశారు. జ్ఞాపిక మీద ఏం రాసి ఉందో ఎవరూ చూడలేదు. సాధారణంగా ఎవరూ చూడరు. ఎనభై నాలుగేళ్లుగా అక్షరాలు తప్ప వేరే ఏమీ చూడని ముసలాయన ఒక్కడే కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, దాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. సభ ముగిసేదాకా చూస్తూనే ఉన్నాడు.

మెట్ల దగ్గర రాజేశం చెయ్యి అందించాడు.

"ఇదేం లిపిరా?"

"చైనాది ఉస్తాద్. మిషన్ జర ఖరాబైంది. రేకు ఒక్కటే ఉండె. వచ్చే ఆదివారం మంచిగ చేసి తెస్త."

"మిషన్ సంగతి ఇడిసిపెట్టు. ఈ అక్షరం కట్టినోడు ఎవడోగాని చెయ్యున్నోడు. చూడు, ఎడమకు ఇంత చిన్న డబ్బ, కుడికి ఇంత బరువు. అయినా పడిపోతలేదు. నడుమ జాగ చూసినవా?" వేలితో గీతలు తడిమాడు. "ఏమంటరు దీన్ని?"

రాజేశం అబద్ధం చెప్పగలిగేవాడే. కానీ పొద్దుటి నుంచి చెప్పినవన్నీ అప్పటికే బరువయ్యాయి.

"నిట్టూర్పు అట."

శ్రీశైలం వేలు పెట్టి లెక్కపెట్టాడు. "నాలుగు ఉన్నయి."

"అవును ఉస్తాద్."

"ఎనభై నాలుగేండ్లకు నాలుగేనా?" అని ఆయన ఆటో ఎక్కాడు. ఎక్కాక తల బయటికి పెట్టి అడిగాడు. "మరి నా పేరేది?"

"ఇదే నీ పేరు. అది గట్ల సదివింది."

ఆటో కదిలింది. ఆయన ఇంకేదో అన్నాడు గానీ వినిపించలేదు.

వారం గడిచేలోగా సాఫ్ట్‌వేర్ మనసు మార్చుకుంది. కొత్త రేకు వచ్చింది. రాజేశం తన దగ్గరున్న ఫాంట్లలో చేతిరాతకు దగ్గరగా ఉన్నది వెతికి వెతికి ఎంచుకుని, పేరును మళ్లీ బొమ్మగా మార్చి, మిషన్‌ను యథాప్రకారం మోసం చేసి, 'శ్రీశైలం' అని చెక్కించాడు. ఆదివారం పదింటికి అడిక్‌మెట్ చేరాడు. గదిలో మేకుకు చైనా రేకు వేలాడుతోంది. దాని కింద శాలువా మడత పెట్టి ఉంది.

శ్రీశైలం కొత్త రేకు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు చూశాడు.

"చేత్తో రాసినవా?"

"చేత్తోనే ఉస్తాద్. మిషన్ ఉత్త చెక్కింది."

"రెండు శలున్నయి దీన్ల."

"అవును."

"రెండు ఒక్క తీరుగున్నయి." ఆయన కోప్పడలేదు. బోర్డు పరీక్షకుడి గొంతుతో చెప్పాడు. "శ్రీల శ, శైలంల శ. వెంట్రుక వాసి కూడ తేడ లేదు. మనిషన్నోడు రెండుసార్లు ఒక్క తీరు రాయడురా. రెండోసారికి చెయ్యి అలసిపోతది, లేకుంటే జోరు మీదుంటది. ఇది నువ్వు రాయలే."

రాజేశం రేకును వెనక్కి తీసుకోబోయాడు.

"క్రారవడి చూడు, పిల్లి తోకలెక్క. మూడు నెల్లు గిదేనా నేర్పింది? దీన్ని తీస్కపో. వచ్చిన భాషాయె, తప్పులు కండ్లల్ల పొడుస్తున్నయి. గోడ మీదిదే నయం. రాని భాష. ఏడ తప్పున్నదో తెల్వది." అలా అంటూనే ఆయన మంచం కిందికి వంగి ఒక రేకు పెట్టె లాగాడు. లోపల కుంచెలు వరుసగా, తలలు నూనెలో మెరుస్తూ ఉన్నాయి. ఒక చిన్న ఎనామెల్ డబ్బా ఉంది. ఒక నల్లటి రేకుముక్క ఉంది. దాన్ని కొన్నాళ్లుగా సిద్ధంగా ఉంచుకున్నట్టే తోచింది.

"రాయి," అన్నాడు. "ఇప్పుడే. నేను చూస్త."

రాజేశం కుంచె తీసుకున్నాడు. తీసుకోకుండా ఉండడానికి ఆ గదిలో ఫ్యాన్ లేదు, దుమ్ము లేదు, సభ లేదు. రంగులో ముంచాడు, అంచుకు ఒత్తి తీశాడు. ఆ పని వరకూ చేతికి ఇంకా గుర్తుంది. కుంచెను రేకు మీదికి తెచ్చాడు. రేకుకూ కుంచెకూ మధ్య బియ్యపు గింజంత జాగా మిగిలింది. అక్కడ చెయ్యి మొదలుపెట్టింది. ఒక తెల్ల చుక్క రాలింది. ఇంకోటి రాలింది. మణికట్టును ఎడమ చేత్తో పట్టుకున్నాడు. ఇప్పుడు రెండు చేతులూ వణికాయి.

శ్రీశైలం కుంచెను మెల్లగా ఆయన వేళ్లలోంచి తీసుకున్నాడు. కిరోసిన్‌లో కడిగాడు, గుడ్డతో తుడిచాడు, వెంట్రుకలను పెదవులతో సరిచేసి పెట్టెలో పెట్టాడు. ఆయన చెయ్యి కూడా వణుకుతూనే ఉంది గానీ, ఎనభై నాలుగేళ్లకు దానికి ఆ హక్కు ఉంది.

"ఎన్నొద్దుల సంది?"

"రెండేండ్లు."

"చెప్పకపోతివి."

"ఏం చెప్పాలె ఉస్తాద్."

నల్ల రేకు మీద రెండు తెల్ల చుక్కలు ఆరుతున్నాయి. వాటిని ఉస్తాద్ తుడవలేదు. గోడకు ఆనుకుని, నోరు తెరిచి, కడుపులోంచి, నిదానంగా, పండితులు ఒప్పుకోని విధంగా ఒక ఊపిరి విడిచాడు. దాని చివర రాజేశంది కలిసింది. గోడ మీది అక్షరాన్ని ఆ గదిలో మొదటిసారిగా సరైన ఉచ్చారణతో చదివింది వాళ్లిద్దరే.

శ్రీశైలం గడ్డంతో గోడవైపు చూపించాడు.

"ఆ నాలుగిట్ల మన రెండు నిట్టూర్పులు కల్వయి గద?"

"కల్వయి ఉస్తాద్," అన్నాడు రాజేశం.